నలభై రెండు సెకన్లు

ఫిబ్రవరి 10, మంగళవారం

పెద్దాయన పోయాడు. పదిహేడో ప్యానెల్ దగ్గర గోడ తెరుచుకుంది. ఇంతకు మించి రాయలేను.

ఫిబ్రవరి 11, బుధవారం

నిన్నటి నుంచి ఎవరేం అడిగినా ‘ఆఁ’ అంటున్నాను. మా ఆయన టీ ఇచ్చి పక్కనే కూర్చున్నాడు. అది చల్లారిపోతే తీసుకెళ్ళి మళ్ళీ వేడి చేసి తెచ్చాడు. అలా మూడుసార్లు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆ మనిషి ఒక్క పూటలో అన్నిసార్లు పొయ్యి వెలిగించడం ఇదే మొదలు.

రాస్తే తల బరువు కొంచెం దిగుతుందేమో చూస్తాను.

అప్పుడు పదకొండు దాటింది. ల్యాబు షెడ్డులో ఉన్నాను. గోడ విరిగితే పెద్ద చప్పుడు వస్తుందనుకుంటాం. అదేమీ రాలేదు. మనుషుల కేకలు వినిపించాయి, అంతే. పరుగెత్తి పునాది గొయ్యి అంచుకు వెళ్ళాను. పద్నాలుగు మీటర్ల కింద పొద్దున్న చూసిన నేల లేదు, నీళ్ళున్నాయి. నిచ్చెన మీద తొమ్మిది మంది ఒకరి మడమలు ఒకరు తోసుకుంటూ పైకి వస్తున్నారు. ముందు గోడ మీద తలకాయంత చెమ్మ మచ్చ కనిపించిందట. పంపు దాని దగ్గరికి జరపమన్నారట. పంపులు చూసేది పెద్దాయనే కదా, వంగి జరుపుతున్నాడట. మచ్చ ఉన్నచోట గోడ ఊడింది. ముందు బురద, దాని వెనక ఇసుక, దాని వెనక నీళ్ళు. అందరూ నిచ్చెన పట్టుకుంటే, నీళ్ళలోకి కరెంటు వస్తుందని ఆయన తీగ పీకడానికి వెనక్కి వెళ్ళాడట. పీకాడు. అందుకే ఆ తొమ్మిది మంది బతికి ఉన్నారు. మొత్తం నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

నేను చూసింది చివరి నిమిషమే. పసుపు హెల్మెట్టు తేలింది. దాని కింద మనిషి లేడు.

ఇంకో సంగతి ఉంది. ఆ కన్నంలోంచి ముందుగా వచ్చిన బురద బూడిద రంగులో ఉంది. ఇక్కడ నేల ఎరుపు. ఎర్రమట్టి ఉన్నచోట బూడిద బురద ఎక్కడి నుంచి వస్తుంది? అది నేల మట్టి కాదు, మేం కలిపిన బురద. పదకొండేళ్ళుగా ఈ చేతులతో కలుపుతున్నాను, నాకు తెలియదా. పోయిన ఏడాది గోడ పోసినప్పుడు బయటికి రావలసింది లోపలే ఉండిపోయింది. అది చూసి అక్కడే నిలబడిపోయాను. ఎవరో నా జబ్బ పట్టుకుని అంచు నుంచి వెనక్కి లాగారు. ఎవరో గుర్తు లేదు.

ఫిబ్రవరి 12, గురువారం

విచారణకు ముగ్గురు వచ్చారు. మా చీఫ్ ఇంజినీరు కూడా వాళ్ళ పక్కన కూర్చున్నాడు. ఫ్యాను కింద కూడా హెల్మెట్టు తియ్యడని మేమంతా ఆయన్ని టోపీ సారు అంటాం. ఇవాళ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. నాకు నవ్వు వచ్చింది. పెద్దాయన పోయి రెండు రోజులు కాలేదు, నవ్వు వచ్చింది. నేనేం మనిషిని.

ముగ్గురిలో కళ్ళజోడు ఆవిడ నెమ్మదస్తురాలు. “మాకు తెలిసేలా చెప్పండి” అంది. చెప్పాను. ముందు సన్నగా, లోతుగా కందకం తవ్వుతాం. పక్కలు కూలకుండా దాని నిండా బురద పోస్తాం. తర్వాత పొడుగాటి గొట్టం అడుగు దాకా దించి కాంక్రీటు పోస్తాం. కాంక్రీటు కింది నుంచి నిండుతూ వస్తే బురద పైకి వస్తుంది, దాన్ని తోడేస్తాం. అది గట్టిపడితే ఒక ప్యానెల్. అలాంటి అరవై ఒకటి కలిస్తే గోడ. గోడ అయ్యాక దాని లోపలి మట్టి తవ్వుకుంటూ కిందికి పోతాం.

“కాంక్రీటు పోసే ముందు బురద బాగుందో లేదో ఎలా చూస్తారు?”

“అడుగు నుంచి కొంచెం తీసి గరాటులో పోస్తానండీ. లీటరు కారడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తాను. యాభై లోపు అయితే పోసుకోవచ్చు. దాటితే ఆ బురద తోడేసి కొత్తది నింపాలి.”

“పదిహేడుకి?”

“నలభై రెండు.”

“క్రేను పాడై ఆ కందకం రెండు రోజులు అలాగే ఉండిపోయింది కదా?”

“ఉండిపోయిందండీ. అందుకే కదండీ పరీక్ష చేసింది.”

రిజిస్టరులో కూడా నలభై రెండే ఉంది, పక్కన నా సంతకం. ఆవిడ వేలితో ఆ అంకెను తడిమి తల ఊపింది. నేను బయటికి వస్తుంటే తమ్ముణ్ణి లోపలికి పిలిచారు. వాడు కాంక్రీటు మేస్త్రీ. పదిహేడు పోసింది వాడే. నన్ను పావుగంట కూర్చోబెట్టారు, వాణ్ణి గంటన్నర.

బురద తెచ్చాను. గరాటులో పోశాను. నలభై రెండు సెకన్లు. పరీక్ష కాగితంలో ఎలా ఉందో అలాగే చేశాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

తమ్ముడి ఇంటికి వెళ్ళాను. తలుపు తీస్తూనే మరదలు గుసగుసగా అంది: “వదినా, మంగళవారం నుంచి అన్నం ముట్టలేదు. మీరైనా చెప్పండి.”

వాడు నేల మీద కూర్చుని, లేని గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకి లాగుతున్నాడు. లాగి, ఆగి, లెక్కపెట్టి, మళ్ళీ లాగుతున్నాడు. నన్ను చూసి చేతులు దించలేదు.

“గొట్టం మూతి కాంక్రీటులోంచి బయటికి వచ్చి ఉంటుందంటున్నారక్కా. అలా వస్తే బురద లోపల కలిసిపోతుంది కదా. ముందే లాగేశానేమో.”

“నీ చేతి పని నాకు తెలియదా. నువ్వు లాగవురా.”

“ఏడు నెలల కిందటి మాట. ఆ రోజు ఎన్నిసార్లు లాగానో గుర్తు రావడం లేదు. నాకీ పని నేర్పింది పెద్దాయనే. ఆయన్నే చంపుకున్నానా?”

“నువ్వు కాదు అంటున్నాను కదా.”

“మరి ఎవరు?”

మరదలు టీ ఇచ్చింది. తాగాను. పంచదార ఎక్కువైంది. ఆ విషయం కూడా చెప్పాను.

నిన్న ‘తెచ్చాను’ అని రాశాను కదా. తెచ్చాను అంటే కందకం దగ్గర తీసుకుని షెడ్డుకు నడిచి వచ్చాను. షెడ్డు మొదట్లో కందకాల పక్కనే ఉండేది. దుమ్ము పడలేకపోతున్నానని పోరు పెట్టి మూడో గేటు వైపు మార్పించుకున్నాను. అప్పటి నుంచి ఆరు నిమిషాల నడక. బకెట్టు చేతిలో ఊగుతూ ఉంటుంది. నడిస్తే ఊగదా మరి. అందులో తప్పేముంది.

సాయంత్రం షెడ్డుకు వెళ్ళి రెండు డబ్బాల్లో బురద కలిపి, మూతలు పెట్టి వచ్చాను. ఊరికే.

ఫిబ్రవరి 14, శనివారం

సెలవు. డబ్బాల గురించి పొద్దున్న ఆలోచించలేదు. మధ్యాహ్నం కూడా ఆలోచించలేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

పన్నెండింటికి షెడ్డు తాళం తీశాను. కలిపి పెట్టి రెండు రోజులు కావస్తోంది. పదిహేడో కందకం ఆగింది కూడా అంతే.

మొదటి డబ్బా కదపకుండా మూత తీశాను. పైన వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. డబ్బా తలకిందులు చేశాను. ఏమీ పడలేదు. నా చెప్పుల మీదే పట్టుకుని నిలబడ్డాను, పడుతుంది కదా అని. గోడ గడియారంలో ఒక నిమిషం చూశాను. ఒక్క చుక్క పడలేదు.

రెండో డబ్బాను జాగ్రత్తగా పట్టుకుని ఒకప్పటి కందకాల వరసకు వెళ్ళాను. అక్కడ బకెట్టులోకి గరిటెతో ఎత్తి వేసుకుని, ఎప్పటిలాగే నడిచి షెడ్డుకు వచ్చాను. గరాటులో పోశాను. గుడగుడా దిగింది. నలభై మూడు సెకన్లు.

తర్వాత మొదటి డబ్బాను తలకిందులుగానే పట్టుకుని అడుగున అరచేత్తో కొట్టాను. మొత్తం ఒక్కసారిగా జారి, నీళ్ళలా షెడ్డంతా పారింది. నేను అందులోనే కూలబడ్డాను. చీర అంతా తడిసింది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. బయట గేటు కాపలాదారు “మేడమ్, ఏమైనా ఒలికిందా” అని అడిగాడు. ఏమీ లేదన్నాను.

నిలవుంటే బురద తోడుకుంటుందని నాకు తెలియక కాదు. దాని పనే అది. తోడుకుంటుంది కాబట్టే కందకం పక్కలు నిలబడతాయి. కదిపితే పల్చబడుతుంది. పెరుగు విరిగితే విరిగినట్టే, ఇది ఎన్నిసార్లు విరిచినా మళ్ళీ తోడుకుంటుంది. కొత్తగా చేరినవాళ్ళకు ఈ మాటలు నేనే చెప్తాను, పరీక్షలో అడుగుతానని బెదిరిస్తాను కూడా. ఎంత గట్టిగా తోడుకుందో చూసే మీటరు ఒకటి ఉండేది. అది రిపేరుకు వెళ్ళి ఏడాది అవుతోంది. టోపీ సారు మళ్ళీ తెప్పించనా అని అడిగితే గరాటు చాలు సార్ అన్నాను. నా నోటితోనే అన్నాను.

ఆరు నిమిషాలు ఊపుకుంటూ తెచ్చి నేను కొలిచింది నా బకెట్టులో బురదను. కందకంలో బురద అక్కడే, మూలల్లో, ఇనప చువ్వల మధ్య గట్టిగా కూర్చుని ఉంది. కాంక్రీటు దాన్ని పైకి నెట్టలేక పక్క నుంచి ఎక్కింది. తమ్ముడు గొట్టం ఎన్నిసార్లు లాగినా ఒకటే.

ఫిబ్రవరి 16, సోమవారం

ఎవరికీ చెప్పలేదు.

‘గొట్టం ముందుగా లాగి ఉండవచ్చు’ అని తమ్ముడు ఎల్లుండి రాసి ఇస్తాడట. అప్పుడిక తప్పు ఒక్క ప్యానెల్‌దే అవుతుంది, మిగతా గోడ మంచిదే అవుతుంది. నీళ్ళు తోడేశారు, కన్నం మూసేస్తున్నారు. శుక్రవారం పద్నాలుగు మందిని కిందికి దించుతామని టోపీ సారు చెప్పాడు. హెల్మెట్టు మళ్ళీ నెత్తికెక్కింది.

పొద్దున్న వెళ్ళి చెప్దామనుకున్నాను. టీ వేళకి చెప్దామనుకున్నాను. ఇంటికి వచ్చేశాను.

సరే, ఇక్కడైనా మొత్తం రాస్తాను. అడుగు నుంచి బురద తీసే గొట్టానికి కింద మూత ఉంటుంది. ఆ రోజు మూత తెరిచి బకెట్టు మీద పెడితే బురద రాలేదు. ముద్దలా గొట్టానికి కరుచుకుని వేలాడింది. అరచేత్తో తట్టాను. రాలేదు. గట్టిగా తట్టాను. మూడో దెబ్బకు జారింది. అంటే కళ్ళతో చూశాను. గరాటు దాకా పోనక్కర్లేదు, అక్కడే చెప్పొచ్చు, ఈ బురద మార్చాలని. మారిస్తే ఇంకో రోజు పోతుంది. క్రేనువల్ల అప్పటికే రెండు రోజులు పోయి అందరూ గుర్రుగా ఉన్నారు. నేను తట్టాను, నడిచాను, నలభై రెండు అని రాశాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

తమ్ముడికి చెప్పాను. వాళ్ళ వంటింట్లో, మరదలు ఉండగానే. డబ్బాల సంగతి, నడక సంగతి, తట్టిన సంగతి. మధ్యలో ఎక్కడా ఆపలేదు, ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని.

వాడు కోప్పడతాడనుకున్నాను, లేదా ఏడుస్తాడనుకున్నాను. రెండూ చెయ్యలేదు. చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు.

“శుక్రవారం ఇక్కడికి వచ్చినప్పుడు నీకు తెలుసా?”

“డబ్బాలు ఇంకా చూడలేదురా.”

“తట్టింది గుర్తుందా లేదా?”

“గుర్తుంది.”

“నేను ఇక్కడ గొట్టం లాగుతూ కూర్చున్నాను. నా ఎదురుగా కూర్చుని టీలో పంచదార ఎక్కువైందన్నావు.”

మరదలు స్టవ్ ఆపేసింది. నేను ‘నాన్నా’ అని పిలవబోయాను. వాడు లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గట్టిగా కూడా వెయ్యలేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే నా ఒళ్ళో తప్ప పడుకోనివాడు.

ఫిబ్రవరి 18, బుధవారం

తమ్ముడు రాసి ఇవ్వనన్నాడు. ఆ తర్వాత నేను వెళ్ళి టోపీ సారుకు అంతా చెప్పాను. పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి విన్నాడు.

“బాగుందమ్మా. వాడు సంతకం పెట్టనన్న గంటకి నువ్వు వచ్చావు. రాత్రి ఇద్దరూ కూర్చుని అనుకున్నారా?”

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. తప్పు నాది అని చెప్తే నమ్మరేమోనన్న ఆలోచన ఈ ఎనిమిది రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు. చెప్పడమే కష్టమనుకున్నాను.

“సార్, డబ్బాలు తెచ్చి మీ ముందే చూపిస్తాను.”

“డబ్బాలో తోడుకుంటుందని నాకు తెలియదా? పదిహేడులో ముద్దగా వచ్చిందని రిజిస్టరులో ఎక్కడుంది? నలభై రెండని ఉంది. నీ సంతకం ఉంది. తమ్ముడి మీద ప్రేమ ఉండాల్సిందే, కాదనను. దానికోసం అరవై ప్యానెళ్ళు అనుమానించి పని ఆపుతామా?”

“పదిహేడు ఒక్కటే కాదు సార్, అలా ఆగిపోయిన కందకాలు ఇంకా ఉన్నాయి.”

“ఏవి?”

చెప్పలేకపోయాను. కందకం ఎన్నాళ్ళు ఆగిందో రిజిస్టరులో ఉంటుంది, బురద ఎలా వచ్చిందో అందులో ఉండదు. శుక్రవారం మనుషులు దిగుతారన్నాడు.

పోయిన ఏడాది డైరీ బీరువాలో చీరల కింద ఉంది. వారం నుంచి ఆ బీరువా తెరవలేదు. మా ఆయన ఉతికిన బట్టలు మడిచి కుర్చీలో పెడుతున్నాడు, నేను అక్కడి నుంచే తీసి కట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 19, గురువారం

తెల్లవారగానే బీరువా తెరిచాను.

జూలై 19 పేజీ: ‘17, 42 సె. ముద్దగా వచ్చింది, తట్టాను. ఎండ మండిపోయింది. ఇంటికి పెందలాడే వచ్చాను, హాయిగా ఉంది.’

హాయిగా ఉందట.

మిగతా పేజీలు కూడా చూశాను. ‘తట్టాను’ అన్న మాట ఇంకా ఆరుచోట్ల ఉంది. ముప్పై ఒకటి, నలభై నాలుగు, నలభై ఐదు, యాభై, యాభై ఎనిమిది, అరవై. వేలు పెట్టి లెక్కపెట్టాను, తప్పేమోనని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఆరే. నెలల తరబడి ఆ గోడ పక్కన మనుషులు తవ్వుతున్నారు, అన్నాలు తింటున్నారు, నీడ కోసం దానికే ఆనుకుని కునుకు తీస్తున్నారు.

ఆ పేజీలు చింపి ఇవ్వొచ్చు. చింపితే నిన్నో మొన్నో రాశానంటారు. మొత్తం ఇవ్వాలి. అందులో మా అత్తగారి గురించి ఏం రాశానో నాకు తెలుసు. మరదలి చేతి వంట గురించి మార్చిలో రాసింది ఆమె కంట పడితే ఇక నా గడప తొక్కదు. పెళ్ళిరోజు మర్చిపోయిన మా ఆయన మీద రెండు పేజీలున్నాయి. గంటసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, చీర మార్చుకుని, కళ్ళజోడు ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ జూలై చదివింది. ఆగస్టు చదివింది. మధ్యలో ఒకచోట నవ్వు బిగబట్టింది, టోపీ సారు నడక గురించి రాసిన చోటనుకుంటాను. చివరికి కళ్ళజోడు తీసి అడిగింది.

“ఇవి ఎవరి కోసం రాశారు?”

“నా కోసమేనండీ.”

“మరి ఇన్నిసార్లు తట్టానని రాసుకున్నారు. ఒక్కసారైనా మీకు ఏమీ అనిపించలేదా?”

అనిపించిందండీ అని చెప్పాలి. లేదండీ అని చెప్పాలి. ఏది నిజమో తెలియక ఆవిడ ముందే ఏడ్చాను. పెద్దాయన పోయాక ఏడవడం అదే మొదటిసారి.

రేపు ఎవర్నీ దించొద్దనీ, ముప్పై ఒకటో ప్యానెల్‌కు పైనుంచి రంధ్రం వేసి చూడమనీ ఆవిడ ఫోన్లో చెప్పింది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

డ్రిల్లు ఎనిమిదింటికి మొదలైంది. కిందికి దిగాల్సిన పద్నాలుగు మంది గొయ్యి అంచున చేతులు కట్టుకుని నిలబడ్డారు. కొందరు నన్ను చూశారు, కొందరు చూడకుండా జాగ్రత్తపడ్డారు. తమ్ముడు మిషను దగ్గర ఉన్నాడు. వాణ్ణి ఎవరూ పిలవలేదట, తానే వచ్చాడు.

లోపలి నుంచి తీసిన కాంక్రీటు కడ్డీలను వరసగా పెట్టెలో పేర్చారు. మూడు మీటర్లు బాగుంది. ఆరు మీటర్లు బాగుంది. తొమ్మిది బాగుంది. టోపీ సారు గడియారం చూసుకున్నాడు. గోడ మంచిదైతే నేను పిచ్చిదాన్నవుతాను, తమ్ముడు మళ్ళీ దోషి అవుతాడు. అయినా సరే, గోడ మంచిదే కావాలని కోరుకున్నాను. నిజంగానే కోరుకున్నాను.

పదకొండు మీటర్ల దగ్గర మిషను చప్పుడు మారింది. అప్పటిదాకా మూలుగుతున్నది ఒక్కసారిగా తేలికైపోయింది. గొట్టం తనంతట తానే అరమీటరు దిగింది. డ్రిల్లు మనిషి భయపడి ఆపేశాడు. గొట్టం పైకి లాగారు. దాని చివర బూడిద రంగు ముద్ద వేలాడుతోంది. ఆ పద్నాలుగు మందిలో ఒకతను అంచు నుంచి రెండడుగులు వెనక్కి వేసి, మొన్నటి దాకా తాను నిలబడి తవ్విన చోటు వంక చూస్తూ ఉండిపోయాడు. టోపీ సారు పెట్టె పక్కన చతికిలబడ్డాడు.

మంగళవారం నుంచి తమ్ముడు నాతో మాట్లాడలేదు. గొట్టం కడిగి, తుడిచి, బండి మీదికి ఎత్తి, తాడు బిగించాడు. బిగించాక నా వైపు తిరిగాడు.

“తర్వాత ఏది?” అని అడిగాడు.

అక్కా అనలేదు.

నలభై నాలుగని చెప్పాను.